గోడ చెమ్మ – ఇంట్లోని రోగి

(రోగుల కుటుంబ సభ్యుల కోసం ఇచ్చిన ఆరోగ్య ప్రసంగం)



ఈ రోజు నేను మందుల గురించి కాదు, మీ ఇంటి గోడల గురించి మాట్లాడతాను. ఆసుపత్రిలో గోడల సంగతి ఎందుకని మీకు అనిపించవచ్చు. కారణం చెబుతాను.

కొన్నేళ్ళ క్రితం ఏడేళ్ళ బాబు ఉబ్బసంతో పిల్లల వార్డులో చేరాడు. నాలుగు రోజుల్లో తేరుకుని ఇంటికి వెళ్ళాడు. మూడు వారాలకే మళ్ళీ ఆయాసంతో తీసుకొచ్చారు. ఆ వానాకాలంలో అలా మూడుసార్లు జరిగింది. "పీల్చే మందు రెండు పూటలా ఇస్తూనే ఉన్నానండీ" అని తల్లి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఆమె చెప్పింది నిజమే. "బాబు ఎక్కడ పడుకుంటాడమ్మా?" అని అడిగితే అసలు సంగతి బయటపడింది. మంచం స్నానాలగది గోడకు ఆనించి ఉంది. ఆ గోడలోని నీళ్ళ గొట్టం కారుతోంది. దిండు పక్కనే గోడంతా నల్లటి బూజు. గొట్టం బాగు చేయించారు, మంచం జరిపారు, మందులు మానలేదు. మరుసటి వానాకాలం ఆ బాబు వార్డుకు రాలేదు, రోజూ బడికి వెళ్ళాడు.

తడిసిన గోడగానీ పరుపుగానీ ఒకటి రెండు రోజుల్లో ఆరకపోతే బూజు మొదలవుతుంది. కంటికి కనబడని దాని బీజాలు గాలిలో కలిసి ముక్కులోకి, ఊపిరితిత్తులలోకి పోతాయి. ఉబ్బసం, అలర్జీ ఉన్నవారికి ఆయాసం, దగ్గు ఎక్కువవుతాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో ఇళ్ళలోని చెమ్మ, బూజు గురించి ప్రత్యేకంగా మార్గదర్శకాలు వెలువరించింది. అయితే ఒక మాట. చెమ్మ వల్ల క్షయ రాదు. రెండు వారాలు దాటిన దగ్గును గోడ మీదికి నెట్టకుండా కళ్ళె పరీక్ష చేయించండి.

మరి ఇంట్లో ఏం చేయాలి? వానలు జూన్‌లో మొదలవుతాయి కాబట్టి మే నెలలోనే ఒక ఆదివారం కేటాయించండి. కోస్తాలో ఉన్నవారు తుపానుల కాలానికి ముందు, సెప్టెంబరులో, మరోసారి చూసుకోండి.

మొదటిది, డాబా. ఆకులు, చెత్త తీసి నీళ్ళు పోయే తూములు శుభ్రం చేయండి. నాలుగు బకెట్ల నీళ్ళు పోసి ఎక్కడ నిలుస్తున్నాయో చూడండి. నిలిచిన చోటే స్లాబులోకి నీరు దిగుతుంది. పగుళ్ళలో రావి మొక్క మొలిస్తే పైన తుంచితే చాలదు, వేరుతో తీయించి సిమెంటుతో పూడ్పించాలి. పెంకుటిల్లయితే జరిగిన పెంకులు సర్దించి, పగిలినవి మార్పించండి.

రెండవది, గొట్టాలు, కుళాయిలు. రాత్రి అన్ని కుళాయిలూ కట్టి ట్యాంకులో నీటి మట్టం దగ్గర గుర్తు పెట్టండి. ఎవరూ నీళ్ళు వాడకుండానే తెల్లవారేసరికి మట్టం తగ్గితే ఎక్కడో కారుతున్నట్లే. కుళాయి బొట్టుబొట్టుగా కారుతుంటే చాలాసార్లు వాషరు మార్చితే సరిపోతుంది. ట్యాంకుకు మూత తప్పనిసరి. నిలిచిన నీటిలో వారం, పది రోజుల్లో డెంగీ దోమ తయారవుతుంది.

మూడవది, గోడ. చెమ్మ గోడలోదా, గదిలోని గాలిలోదా అని సందేహముంటే ఒక పాలిథిన్ ముక్కను గోడకు నాలుగు వైపులా టేపుతో అంటించి రెండు రోజులు ఉంచండి. గోడవైపు నీరు పడితే చెమ్మ గోడలోనుంచి వస్తోంది, మేస్త్రిని పిలవండి. గదివైపు నీరు పడితే గాలి ఆడడం లేదు, కిటికీలు తెరవండి, తడిబట్టలు గదిలో ఆరేయకండి. నీరు వచ్చే దారి మూయకుండా పైన రంగు వేస్తే ఆ డబ్బు వృథా. కొన్నాళ్ళకే పెచ్చులూడుతుంది.

నాలుగవది, కరెంటు. తడిగోడ మీది స్విచ్చు తాకితే జివ్వుమంటే ఇక దాన్ని తాకవద్దు. పొడి కాళ్ళతో, పొడి చేతులతో మెయిన్ ఆపి ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. ఇది రేపటికి వాయిదా వేసే పని కాదు.

బూజు తుడిచేటప్పుడు రోగిని, పిల్లలను ఆ గదిలో ఉంచకండి. ముక్కుకు మాస్కు కట్టుకుని, కిటికీలు తెరిచి, సబ్బునీటిలో తడిపిన గుడ్డతో తుడవండి. పొడి చీపురుతో దులిపితే బీజాలు గదంతా ఎగురుతాయి. బ్లీచింగ్‌లో బాత్‌రూమ్ కడిగే యాసిడ్ ఎన్నడూ కలపకండి. దానినుంచి వచ్చే విషవాయువు ప్రాణం మీదికి తెస్తుంది.

"మాది అద్దె ఇల్లు, ఓనరు పట్టించుకోడు" అని కొందరంటారు. ఆ కష్టం మాకు తెలుసు. అయినా మంచాన్ని చెమ్మగోడకు దూరంగా జరపడానికి, తూములో ఆకులు తీయడానికి ఓనరు అనుమతి అక్కరలేదు. బాగుచేయించడానికి రెండు వేలు ఖర్చవుతుందని వెనుకాడే ఓనరుకు, వదిలేస్తే స్లాబులో ఇనుము తుప్పుపట్టి తనకే నష్టమని మర్యాదగా చెప్పి చూడండి.

మీ మనిషిని డిశ్చార్జి చేసే రోజున మందుల చీటీ ఇస్తారు. ఇంటికి వెళ్ళగానే ఆ చీటీ అందుబాటులో పెట్టుకుని, మంచం పక్కనున్న గోడను ఒకసారి చేత్తో తాకి చూడండి. చల్లగా, తేమగా తగిలితే ఆ రోజే మంచం జరపండి. మళ్ళీ వచ్చినప్పుడు ఆ సంగతి డాక్టరుగారికి తప్పక చెప్పండి.