చెమట చెప్పెడి సాక్ష్యము
(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ప్రసంగ పాఠము)



చెమట కష్టజీవికి అలంకారము. అది దేహస్థితిని తెలుపు సాక్షి కూడ. మానవుని చర్మమున 20 నుండి 40 లక్షల వరకు స్వేదగ్రంథులు కలవు. అవి నీటిని, ఉప్పును, కొంత యూరియాను వెలికి పంపును.

సిస్టిక్ ఫైబ్రోసిస్ అను వంశపారంపర్య వ్యాధిగల శిశువుల చెమటలో ఉప్పు మిక్కుటముగ నుండునని 1953లో అమెరికాలో పాల్ డి శాంట్ ఆగ్నీస్ అను వైద్యుడు వెల్లడించెను. 1959లో గిబ్సన్, కుక్ అనువారు స్వల్ప విద్యుత్తుతో చర్మములోనికి మందు పంపి చెమట పట్టించు పద్ధతిని కనుగొనిరి. లీటరు చెమటలో క్లోరైడు 60 మిల్లీమోలులు గాని, అంతకు మించి గాని యున్నచో ఆ వ్యాధిని సూచించును. నేటికిని ఇదియే ప్రధాన పరీక్ష.

అట్లయిన ఉద్దానపు మూత్రపిండ వ్యాధిని చెమటతో కనిపెట్టరాదా? కవిటి, సోంపేట, కంచిలి, పలాస ప్రాంతములలో కొబ్బరి, జీడితోటలు కాచు ఎన్నో కుటుంబములను ఈ వ్యాధి క్రుంగదీసినది. మూత్రపిండములు చెడినపుడు రక్తమున యూరియా పెరుగును, చెమటలోను పెరుగును. వ్యాధి ముదిరి చికిత్స అందనిచో, చెమట ఆరిన చోట తెల్లని పొడి నిలుచుట కూడ కలదు. కాని ఆ సాక్ష్యము చాల ఆలస్యముగ వచ్చును. అదియుగాక ఎండనుబట్టి, పనినిబట్టి, త్రాగిన నీటినిబట్టి చెమట మారుచుండును. కావున మూత్రపిండములకు అది నమ్మదగిన కొలత కాదు.

రక్తములోని క్రియాటినిన్ పరీక్షయే ముందుగ హెచ్చరించును. ఉద్దానపు వ్యాధిలో మూత్రమున మాంసకృత్తులు స్వల్పముగనే యుండవచ్చును, మూత్రపరీక్షతోనే తృప్తిపడరాదు. తొలిదశలో నొప్పి యుండదు, వాపు యుండదు. “ఒంట్లో బాగానే యున్నదిగదా” యని జాప్యము చేసినవారే ఎక్కువగ నష్టపోవుచున్నారు. పలాసలో 2023 డిసెంబరున 200 పడకల ఆసుపత్రియు, కిడ్నీ పరిశోధనా కేంద్రమును ప్రారంభమైనవి. అయినను రోగి సకాలమున గడప దాటినపుడే వాని ఫలము దక్కును.

వ్యాధికి మూలకారణము ఇంకను నిర్ధారణ కాలేదు. మండుటెండలో నీరు లేక శ్రమించుట అనుమానింపబడు కారణములలో నొకటి. కావున తోటపనివారు నడుమ నడుమ నీడను చేరి నీరు త్రాగవలెను. వ్యాధి యున్నవారు మాత్రము నీటి పరిమాణమును వైద్యునడిగి తెలిసికొనవలెను. ఒంటి నొప్పులకు సొంతముగ మాత్రలు కొని మ్రింగరాదు.

పరీక్షచీటీలను తేదీల వరుసన దాచి, ఈ యేటి అంకెను నిరుటి అంకెతో పోల్చి చూపవలెను. చదువు రాని పొరుగువానికి ఆ చీటీ చదివి చెప్పుట చందాదారుల ధర్మము. గ్రంథాలయమున నేర్చిన అక్షరమునకు అంతకంటె సార్థక్యమేమి?