ఎండ చవక, రాత్రి ఖరీదు
(సూరత్‌లో మన తెలుగువారి కుటుంబ సమ్మేళనంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను ఇంజనీరును కాను. ఇంటర్ చదివి సిగ్నల్స్‌లో చేరి, సుబేదారుగా రిటైరయ్యాను. అయితే ఇరవై ఎనిమిదేళ్ళు బ్యాటరీలతో కాపురం చేశాను. వైర్‌లెస్ సెట్టు ఎంత గొప్పదైనా ఛార్జింగ్ లేకపోతే ఇటుకతో సమానం. ఆ అనుభవం ఉందని సోలార్ గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు.

మనవాళ్ళు రిటైరై, గ్రాట్యుటీ డబ్బుతో ఉధనా వైపో, డిండోలి వైపో ఇల్లు కట్టుకుంటారు. గృహప్రవేశం అయిన మూడోరోజే సేల్స్ కుర్రాడు వస్తాడు. "బ్యాటరీ కూడా పెట్టించండి సాబ్, కరెంటుతో పనే ఉండదు" అంటాడు. అక్కడ కాస్త ఆగి లెక్క వేయాలి.

ముందు ప్యానెళ్ళ లెక్క. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో 3 కిలోవాట్లకు కేంద్రం వేసుకున్న ప్రామాణిక ఖర్చు 1,45,000. అందులో సబ్సిడీ 78,000. మిగిలేది 67,000. కొటేషన్ అంతకంటే ఎక్కువుంటే ఎందుకని అడగండి. ఇది ఇళ్ళకే, మగ్గాల షెడ్లకు ఈ సబ్సిడీ లేదు. 3 కిలోవాట్లకు రోజుకు సగటున 12 యూనిట్లు వస్తాయి, వానాకాలం తగ్గుతాయి. యూనిట్ 6 రూపాయలనుకున్నా, అంత కరెంటు వాడే ఇంటికి మూడేళ్ళలో డబ్బు తిరిగొస్తుంది. పగలు మిగిలింది నెట్ మీటరు ద్వారా లైనులోకి పోతుంది, రాత్రి వాడుకున్నది అందులో తగ్గుతుంది. అంటే కరెంటు కంపెనీయే మన బ్యాటరీ.

ఇక అసలు బ్యాటరీ. 12 వోల్టులు, 150 ఏహెచ్ అంటే కాగితం మీద 1.8 యూనిట్లు. లెడ్ ఆసిడ్‌ను సగానికి మించి ఖాళీ చేస్తే ఆయుష్షు తగ్గుతుంది, కాబట్టి చేతికొచ్చేది 0.9. ధర 15,000 అనుకోండి, 1,500 సార్లు ఛార్జింగ్ పట్టిందనుకోండి. మొత్తం 1,350 యూనిట్లు. దాచిన ఒక్కో యూనిట్‌కు దాచుకూలీయే 11 రూపాయలు! డిస్టిల్డ్ వాటరు, ఛార్జింగులో పోయే నష్టం వేరే. లిథియం ఎక్కువ ఖరీదు, ఎక్కువ కాలం వస్తుంది. దానికీ ఇదే లెక్క వేసి చూడండి. కరెంటు అరుదుగా పోయే సూరత్‌లో అంత ఇచ్చి రాత్రిని ఎందుకు కొనాలి?

ఒక సంగతి మాత్రం ముందే తెలుసుకోవాలి. బ్యాటరీ లేని సోలార్, లైను పోగానే తానూ ఆగిపోతుంది, మిట్టమధ్యాహ్నమైనా సరే. స్తంభమెక్కిన లైన్‌మన్ ప్రాణం కోసం పెట్టిన ఏర్పాటది. ఇంట్లో ఆక్సిజన్ మెషీను మీద పెద్దవాళ్ళుంటే, లేక స్వగ్రామంలో కోతలు ఎక్కువైతే బ్యాటరీ పెట్టాల్సిందే. అక్కడ రూపాయి లెక్క పనికిరాదు. పోస్టు మీద మనం ఏనాడైనా యూనిట్ ధర అడిగామా?

పెద్ద ఎత్తున దాచడం సర్కారు పని. మన గుజరాత్‌లోనే మొఢేరాను 2022 అక్టోబరులో ఇరవైనాలుగు గంటల సోలార్ ఊరిగా ప్రకటించారు. అక్కడి బ్యాటరీ 15 మెగావాట్ అవర్లు, అంటే 15,000 యూనిట్లు. మన శ్రీశైలం ఎడమగట్టున 150 మెగావాట్ల యంత్రాలు ఆరు, నీటిని కిందికి వదిలి కరెంటు తీస్తాయి, తిరిగి పైకి తోడగలవు కూడా. ఆసిడ్ లేని బ్యాటరీ అది. పక్కనున్న కవాస్‌లో ఎన్టీపీసీవారు నీళ్ళ మీద తేలే ప్యానెళ్ళ కరెంటుతో హైడ్రోజన్ తీసి, 2023 జనవరి నుంచి టౌన్‌షిప్ వంటగ్యాసులో కలిపారు. ఎండతో పప్పు ఉడికినట్టే గదా!

ప్యానెళ్ళు పెట్టించినవారు దుమ్ము తుడవండి, మగ్గాల పీచు కూడా పేరుకుంటుంది. ఉత్తరాయణ్ రోజు పతంగుల పిల్లల్ని వాటి మీద ఎక్కనీయకండి.

భోజనాలయ్యాక కరెంటు బిల్లు, కొటేషన్ తెచ్చినవాళ్ళు నా దగ్గరకు రండి, కలిసి లెక్క కడదాం. జై హింద్.