మనోవర్తి హక్కు – న్యాయవాది కార్యదక్షత
(అచ్యుతాపురంలో యువ న్యాయవాదులనుద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)



అచ్యుతాపురం ప్రత్యేక ఆర్థిక మండలిలోని దుస్తుల పరిశ్రమలో వేలాది మహిళలు శ్రమిస్తున్నారు. మనోవర్తి కోసం కోర్టుకెక్కిన కార్మికురాలికి ఒక్కొక్క వాయిదా ఒక దినవేతన నష్టం. కనుక కార్యదక్షత మనకు కక్షిదారు పట్ల గల బాధ్యత.

తెలంగాణ నుండి వెళ్లిన మహమ్మద్ అబ్దుల్ సమద్ కేసులో 2024 జూలై 10న సుప్రీంకోర్టు, విడాకులు పొందిన ముస్లిం మహిళ సైతం 125వ సెక్షను కింద మనోవర్తి కోరవచ్చునని తీర్పునిచ్చింది. నేడు భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో అది 144వ సెక్షను. హక్కు స్థిరపడింది, దానిని ఆమె చేతికి అందించవలసింది మనమే.

తొలి సమావేశంలోనే నికానామా, మెహర్ వివరాలు, పిల్లల జనన ధ్రువపత్రాలు, తలాక్ నోటీసు ఉన్నచో దాని ప్రతి సేకరించుదము. రజ్నేష్–నేహా కేసులో 2020లో వెలువడిన తీర్పు ప్రకారం ఉభయులూ ఆస్తి అప్పుల ప్రమాణపత్రం సమర్పించవలెను. ఆమె పత్రాన్ని పిటిషనుతోపాటే సిద్ధపరచినచో ఒక వాయిదా తగ్గును. అదే తీర్పు మనోవర్తిని దరఖాస్తు చేసిన తేదీ నుండి ఇవ్వవలెనన్నది. అనగా మనం దాఖలు చేయడంలో జాప్యం చేసిన ప్రతి నెలా ఆమెకు తిరిగిరాని నష్టమే.

భర్త దూరప్రాంతంలో ఉన్నను, ఆమె తాను నివసించే జిల్లాలోనే దరఖాస్తు చేసుకొనవచ్చును. మధ్యంతర మనోవర్తి దరఖాస్తును, నోటీసు అందిన 60 రోజులలో, సాధ్యమైనంతవరకు పరిష్కరించవలెనని చట్టమే చెప్పుచున్నది; ఆ గడువును కోర్టుకు గుర్తుచేయుదము.

1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం ఆదాయంతో నిమిత్తం లేకుండా ప్రతి మహిళా ఉచిత న్యాయసహాయానికి అర్హురాలు. ఫీజు మాటకు ముందే ఈ సంగతి ఆమెకు తెలుపుదము. ప్రతి వాయిదా అనంతరం ఏమి జరిగినదో, మరల ఎప్పుడు రావలెనో ఆమెకు తెలిసిన భాషలో, తెలుగులో గాని ఉర్దూలో గాని, వ్రాసి ఇచ్చుదము.