బందరు గురువు రాబర్టు నోబిలు

బందరు నోబిలు కళాశాల పేరు వినని ఆంధ్రులు అరుదు. ఆ పేరుగల మనుష్యుని చరిత్ర నెఱిగినవారు మాత్రము కొలదిమందియే. రాబర్టు టర్లింగ్టన్ నోబిలు 1809లో ఇంగ్లండునందు జన్మించి, కేంబ్రిడ్జిలో చదివి, చర్చి మిషనరీ సొసైటీ పక్షమున, హెన్రీ ఫాక్సుతో కలసి 1841లో బందరు చేరెను. ఫాక్సు పల్లెలవెంట తిరిగి ప్రచారము చేయసాగెను. నోబిలు ఊరిలోనే నిలిచి, తెలుగు నేర్చి, 1843లో పాఠశాల తెఱచెను. ఇంగ్లీషు చదువుతోబాటు బైబిలు చెప్పుట ఆయన పద్ధతి.

అంటరానివారనబడిన కులముల బాలురకు మాత్రమచట ప్రవేశము లేదు. వారిని చేర్చినచో పైకులములవారు తమ పిల్లలను పంపరని ఆయన భయము. తోడి మిషనరీలలోనే కొందఱు దీని నాక్షేపించిరి. ఆ భయము అర్థమగునే గాని, దేవుని యెదుట అందఱు సమానులని బోధించు గురువునకు అది తగిన సమాధానము కాదు. ఇంత జాగ్రత్తపడియు ఫలమేమి? 1852లో ఒక బ్రాహ్మణ విద్యార్థియు, ఒక వెలమ విద్యార్థియు క్రైస్తవము స్వీకరింపగా ఊరంతయు అట్టుడికెను. బడి దాదాపు ఖాళీయయ్యెను. నోబిలు తలుపులు మూయలేదు. పిల్లలు మెల్లమెల్లగా తిరిగి వచ్చిరి.

1864 నవంబరు 1వ తేదీ రాత్రి ఉప్పెన బందరును ముంచి, సుమారు 30,000 మందిని బలిగొనెను. మరుసటియేడు, 1865లో, నోబిలు అక్కడనే కన్నుమూసెను. వివాహమాడలేదు. ఆ 24 ఏండ్లలో ఒక్కమారైనను స్వదేశము పోలేదు. సెలవుల పట్టిక నెదుట పెట్టుకొని దినములు లెక్కించు ఉద్యోగులకు ఇది వింతగా తోచవచ్చును. పాఠశాల తరువాత కళాశాలయై ఆయన పేరనే వెలసెను.