ఉద్యోగం పోతే ఎంత పోతుంది?

(అధ్యయన తరగతిలో చేసిన ఉపన్యాస పాఠం)



రైల్వే, తపాలా శాఖలలో పనిచేసే మనం జీతాల లెక్కలలో ఎవరికీ తీసిపోము. కరువు భత్యం ఒక శాతం తగ్గితే నెలకు ఎంత నష్టమో మనలో ప్రతి ఒక్కరూ వేళ్ళ మీద లెక్కగట్టి చెప్పగలరు. కాని మన వేతన చీటీలో ఎక్కడా కనిపించని పద్దు ఒకటి ఉన్నది. అది ఉద్యోగ భద్రత. దాని విలువ ఎంత అని మనం ఏనాడూ లెక్క వేయలేదు. ఉన్నంతకాలం కనిపించని వస్తువు విలువ, పోయిన తరువాతనే తెలుస్తుంది. కనుక ప్రశ్నను తిరగవేసి అడుగుదాము: ఉద్యోగం పోతే మనిషికి పోయేది ఎంత? మరొక ఉద్యోగం దొరికేవరకు గడిచే నాలుగైదు నెలల జీతం మాత్రమేనా?

ఈ ప్రశ్నకు అంకెలతో సమాధానం వెదికిన అర్థశాస్త్రవేత్తలలో టిల్ వాన్ వాక్టర్ ఒకరు. ఆయన అమెరికాలోని లాస్ ఏంజిలిస్ నగరంలో, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ ఆచార్యులు. కార్మికోద్యమ నాయకుడు కాదు. ఆయన పరిశోధన అంతా ప్రభుత్వ రికార్డులలోని వేతనాల చరిత్రను ఏళ్ళ తరబడి వెంబడించడమే. అందువలననే ఆ ఫలితాలు మనకు మరింత విలువైనవి. మన వాదనను మన నోటితో చెబితే కోరికల పత్రమంటారు. రికార్డులు చెబితే అలా కొట్టివేయడం సాధ్యం కాదు.

పెన్సిల్వేనియా చెప్పిన పాఠం

ఈ కథ ఆయనకంటె ముందే మొదలయింది. 1980 దశకం తొలినాళ్ళలో అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో ఉక్కు కర్మాగారాలు, వాటిని ఆశ్రయించిన పరిశ్రమలు వరుసగా మూతపడినవి. జేకబ్సన్, లలోండ్, సల్లివన్ అనే ముగ్గురు అర్థశాస్త్రవేత్తలు ఆ రాష్ట్ర కార్మికుల వేతన రికార్డులను పరిశీలించి, 1993లో తమ ఫలితాలను ప్రకటించారు. వారు ఎన్నుకొన్నది ఆరేళ్ళకు తక్కువ కాకుండా ఒకే సంస్థలో పనిచేసినవారిని.

వారి పద్ధతిని మనం శ్రద్ధగా గమనించాలి. ఒక్క మనిషిని తొలగిస్తే, అతడు పనిమంతుడు కాడు గనుక తొలగించారని యాజమాన్యం అంటుంది. కాని ఒకే దెబ్బతో వందలాది మందిని పంపివేసినపుడు, అందరూ ఒక్క ఉదయాన పనికిమాలినవారయ్యారని ఎవరూ అనజాలరు. కనుక వారు మూకుమ్మడి తొలగింపులకు గురి అయినవారిని, అదే అనుభవంతో ఉద్యోగంలో నిలిచినవారితో పోల్చి చూశారు.

తేలినదేమి? ఉద్యోగం పోయి ఐదారేళ్ళు గడిచినా, మళ్ళీ పనిలో చేరినా, వారి సంపాదన నూటికి 25 వంతులు తక్కువగానే ఉండిపోయింది. అంతేకాదు, తొలగింపుకు దాదాపు మూడేళ్ళ ముందునుండే సంపాదన జారడం మొదలయింది. ఉద్యోగం పోవడమంటే ఒకనాటి ప్రమాదం కాదు. ఏళ్ళ ముందు మొదలై, ఏళ్ళ తరువాత కూడా మానని గాయం అది.

వాన్ వాక్టర్, స్టీవెన్ డేవిస్ కలిసి 2011లో అమెరికా దేశమంతటి రికార్డుల ఆధారంగా ఇదే లెక్కను విస్తరించారు. నిరుద్యోగం నూటికి 6 లోపు ఉన్న మంచి రోజులలో మూకుమ్మడిగా తొలగింపబడిన పురుష కార్మికుడు, తరువాతి జీవితంలో మొత్తం మీద 1.4 సంవత్సరాల సంపాదనకు సమానమైన మొత్తాన్ని నష్టపోతున్నాడు. నిరుద్యోగం నూటికి 8 దాటిన గడ్డు రోజులలో అయితే ఆ నష్టం 2.8 సంవత్సరాల సంపాదన. తొలగింపబడినవాడు ఆ రెండు సందర్భాలలోను ఒకే మనిషి, ఒకే పనితనం. మారినది కాలం మాత్రమే. కాలం చేసిన తప్పుకు జరిమానా కార్మికుడు కడుతున్నాడు.

జీతమే కాదు, జీవితం

పెన్సిల్వేనియా కార్మికుల కథ అంతటితో ముగియలేదు. సల్లివన్, వాన్ వాక్టర్ ఆ వేతన రికార్డులను మరణాల నమోదులతో జతపరచి చూశారు. 2009లో వెలువడిన ఆ పరిశోధన చదివితే గుండె బరువెక్కుతుంది. చాలాకాలం సర్వీసు ఉండి తొలగింపబడిన పురుషులలో, ఉద్యోగం పోయిన మరుసటి సంవత్సరం మరణాల రేటు నూటికి 50 నుండి 100 వంతుల వరకు పెరిగింది. ఇరవై ఏళ్ళ తరువాత కూడా ఆ రేటు నూటికి 10, 15 వంతులు అధికంగానే ఉన్నది. నలభై ఏళ్ళ వయస్సులో ఉద్యోగం పోయినవానికి సగటున ఏడాది నుండి ఏడాదిన్నర ఆయుర్దాయం తగ్గుతున్నదని వారు లెక్కగట్టారు.

పిల్లల మాట? కెనడాలో ఇతర అర్థశాస్త్రవేత్తలు 2008లో ప్రకటించిన పరిశోధనలో, తండ్రి పనిచేసిన సంస్థ మూతపడిన కుటుంబాల కుమారులు పెరిగి పెద్దవారైన పిమ్మట సుమారు నూటికి 9 వంతులు తక్కువ సంపాదిస్తున్నట్లు తేలింది. తండ్రి ఉద్యోగం పోయిన బాకీని కొడుకు తీర్చవలసి వస్తున్నది.

నైపుణ్యం లేకనా?

ఉద్యోగం పోయినవారికి పాలకులు తరచుగా చేసే ఉపదేశం ఒకటి ఉన్నది: మీ నైపుణ్యం పాతబడినది, కొత్తది నేర్చుకొనండి అని. నేర్చుకొనడానికి కార్మికుడు ఎన్నడూ వెనుకాడలేదు. కాని వాన్ వాక్టర్, మరి ఇద్దరు సహచరులు జర్మనీ రికార్డులపై చేసి 2023లో ప్రకటించిన పరిశోధన వేరొక సంగతి చెబుతున్నది. నష్టంలో పెద్ద భాగానికి కారణం పనివాని చేతిలో లేదు, అతడు చేరిన కొత్త సంస్థలో ఉన్నది. మంచి జీతమిచ్చే సంస్థనుండి వెళ్ళగొట్టబడినవాడు తక్కువ జీతమిచ్చే సంస్థలో చేరవలసి వస్తున్నది. చేయి అదే, పనితనం అదే. చోటు మారినందున వెల తగ్గింది.

పట్టా తీసుకొన్న సంవత్సరమే నేరమా?

ఇంకా ఉద్యోగంలో చేరని యువకుల సంగతి కూడా ఆయన పరిశీలించారు. మాంద్యం నడుస్తున్న సంవత్సరంలో పట్టా పుచ్చుకొన్న కెనడా యువకులు, మంచి సంవత్సరంలో బయటికి వచ్చినవారికంటె మొదట్లో సుమారు నూటికి 9 వంతులు తక్కువ సంపాదించారు. ఆ వెనుకబాటు సగానికి తగ్గడానికి ఐదేళ్ళు, పూర్తిగా పోవడానికి పదేళ్ళు పట్టింది. చిన్న చదువుల వారు ఇంకా ఎక్కువగా దెబ్బ తిన్నారు.

మన దేశంలో ఈ మాట ఎవరికి అర్థం కాకపోయినా మనకు అర్థమవుతుంది. 2001 మే నెలలో కేంద్ర ప్రభుత్వం వెలువరించిన ఉత్తర్వు తపాలా ఉద్యోగులకు గుర్తుండే ఉంటుంది. నేరుగా భర్తీ చేయవలసిన ఖాళీలలో మూడవ వంతుకు మించి, అదికూడా మొత్తం పోస్టులలో నూటికి ఒకటికి మించి నింపరాదన్నారు. అది 2009 వరకు సాగింది. ఆ ఎనిమిదేళ్ళలో వయోపరిమితి దాటిపోయిన యువకుడు చేసిన తప్పేమిటి? 2019లో రైల్వే భర్తీ బోర్డులు సుమారు 35 వేల పోస్టులకు ప్రకటన ఇస్తే 1 కోటి 25 లక్షల దరఖాస్తులు వచ్చినవి. పరీక్షలు సాగి సాగి, 2022 జనవరిలో బీహారు, ఉత్తరప్రదేశ్‌లలో యువకులు పట్టాల మీదికి వచ్చారు. వారిని అల్లరి మూకలన్నవారు ఉన్నారు. మన పట్టాల మీద కూర్చున్న ఆ యువకులు అడిగినది మన పక్కన ఒక చోటు మాత్రమే.

మన శాఖల అనుభవం

మిత్రులారా, ఈ లెక్కలకు రెండవ వైపు మన చరిత్రలోనే ఉన్నది. ఆవిరి ఇంజనులు పోయినవి. బొగ్గు వేసిన ఫైర్‌మన్ ఏమయ్యాడు? డీజిల్ ఇంజనుపై అసిస్టెంటు అయ్యాడు, శిక్షణ పొందాడు, ప్రమోషను పొందాడు. తంతి సర్వీసు 2013 జులైలో శాశ్వతంగా ముగిసింది. మీట నొక్కిన చేతులు రోడ్డున పడలేదు, ఇతర విభాగాలలో పనికి కుదిరినవి. యంత్రం పోయినా మనిషి పోకపోవడానికి కారణం ఒక్కటే. మన ఉద్యోగం యంత్రానికి కాక సర్వీసుకు చెందినది. మార్పువలన వచ్చే నష్టాన్ని ఒక్కని నెత్తిన వేయక, సంస్థ అంతా పంచుకొన్నది. భద్రత ఉంటే మనిషి సోమరి అవుతాడనేవారికి ఆ ఫైర్‌మనే సమాధానం. రేపటి కూటికి దిగులు లేనివాడే కొత్త పని నేర్వగలడు.

ఈ భద్రత దానంగా వచ్చినది కాదు. 1968 సెప్టెంబరు 19 సమ్మెలో, 1974 మే 8న మొదలై ఇరవై రోజులు సాగిన రైల్వే సమ్మెలో వేలాది మంది ఉద్యోగాలు పోగొట్టుకొని, చెరసాలలు చూసి దీనిని నిలబెట్టారు.

కాని మనలోని లోటును కూడా మనమే చెప్పుకొనాలి. ఈ గొడుగు క్రింద నేడు అందరూ లేరు. 2004 జనవరి 1 తరువాత చేరినవారి పెన్షనును మార్కెట్టుకు ముడివేశారు. 2025 ఏప్రిల్ నుండి వచ్చిన కొత్త పథకం కొంత హామీ ఇచ్చినా పాత హక్కు తిరిగి రాలేదు. గ్రామీణ డాక్ సేవకులు మన సంచులే మోస్తున్నారు కాని మన హోదా వారికి లేదు. ఇక మన స్టేషన్లలో, యార్డులలో పనిచేసే కంట్రాక్టు కార్మికుల సంగతి చెప్పనే అక్కరలేదు.

తొమ్మిదేళ్ళు బోగీలు కడిగిన ఒక కార్మికుడు ఒకనాటి సాయంత్రం మా శాఖ కార్యాలయానికి వచ్చాడు. కంట్రాక్టరు మారాడు. కొత్త జాబితాలో అతని పేరు లేదు. గుర్తింపు కార్డును బల్లమీద పెట్టి, దీనిని ఎవరికి అప్పగించాలని మాత్రమే అడిగాడు. మేము అతనికి టీ ఇచ్చాము, ఓదార్చాము, పంపాము. ఆ తరువాత అతడు ఏమయ్యాడో మా రిజిస్టరులో లేదు. పెన్సిల్వేనియా కార్మికుని ఇరవై ఏళ్ళ జీవితాన్ని రికార్డులలో చూడగలిగిన మేము, మా కళ్ళముందు తొమ్మిదేళ్ళు పనిచేసినవానిని తొమ్మిది నెలలు కూడా వెంబడించలేదు. ఇందుకు మేము సిగ్గుపడుతున్నాము.

పరిహారం ఎంత, నష్టం ఎంత?

పనిలో నిలకడ లేనివారికి, ఆ అనిశ్చితికి పరిహారంగా కూలి ఎక్కువ ఉంటుందని ఆడం స్మిత్ 1776లోనే వ్రాశాడు. తాపీపనివానిని ఉదాహరణగా చూపాడు. మన యార్డులో చూడండి: నిలకడ లేనివానికే జీతమూ తక్కువ. అపాయమూ అతనిదే, అరకూలీ అతనిదే.

చట్టం ఏమంటున్నది? రిట్రెంచిమెంటుకు పరిహారం, సర్వీసులో ప్రతి పూర్తి సంవత్సరానికి 15 రోజుల జీతం. పదేళ్ళు పనిచేసినవానికి 150 రోజులు, అంటే ఐదు నెలలు. 2025 నవంబరు 21న అమలులోకి తెచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడు, పునఃశిక్షణ నిధి పేరిట మరొక 15 రోజుల జీతం చేర్చింది. అదే చేతితో, ప్రభుత్వ అనుమతి లేకుండా కార్మికులను తొలగించగల ఫాక్టరీల పరిమితిని వందమంది లోపునుండి మూడువందల మంది లోపుకు పెంచింది. అమెరికాలో మంచి రోజులలో సైతం నష్టం 1.4 సంవత్సరాల సంపాదన అని విన్నారు. నిరుద్యోగ భృతి నామమాత్రమైన మన దేశంలో అది అంతకు తక్కువ ఉంటుందని నమ్మగలమా? ఐదు నెలల మూట చేతిలో పెట్టి ఏళ్ళ జీవితాన్ని కొనుక్కోవడమే ఈ బేరం.

వేరే దారి లేదనేవారికి జర్మనీ ఉన్నది. 2009 మాంద్యంలో అక్కడ పది లక్షల మందికి పైగా కార్మికులను తొలగించక, పని గంటలు తగ్గించి, పోయిన జీతంలో కొంత భాగాన్ని ప్రభుత్వ నిధినుండి చెల్లించారు. గడ్డుకాలం గడిచిన తరువాత వారు తమ యంత్రాల దగ్గరనే ఉన్నారు.

మనం చేయవలసినవి

కనుక ఈ తరగతి ముగిసిన పిమ్మట ప్రతి శాఖ మూడు పనులు చేపట్టాలని కోరుతున్నాము.

మొదటిది, ఒక రిజిస్టరు తెరవండి. మీ స్టేషను, మీ డివిజను పరిధిలో పని పోయిన ప్రతి కంట్రాక్టు కార్మికుని పేరు, సర్వీసు, చివరి జీతం వ్రాయండి. ఆరునెలలకొకసారి అతని ఇంటికి వెళ్ళి, ఏమి పని చేస్తున్నాడు, ఎంత వస్తున్నది, పిల్లలు బడికి పోతున్నారా అని నమోదు చేయండి. రికార్డు లేని బాధకు బల్ల దగ్గర విలువ లేదు.

రెండవది, కంట్రాక్టరు మారినా కార్మికుడు మారరాదన్న షరతు ప్రతి టెండరులోను ఉండాలని ప్రతి సంప్రతింపుల సమావేశంలోను పట్టుబట్టండి.

మూడవది, ఖాళీల భర్తీ ఏటా, తప్పకుండా జరగాలన్న కోరికను మన సొంత కోరికగా ముందుంచండి. ఖాళీ కుర్చీ మనకు అదనపు పనిభారం. బయట నిలబడినవానికి అది కరిగిపోతున్న వయస్సు.

సోదరులారా, ఉద్యోగ భద్రత మన జీతంలో ఒక భాగమని ఈనాడు లెక్కలు రుజువు చేస్తున్నవి. అది వేల మంది కలిసి మోస్తేనే నిలిచే బరువు. మోసేవారు తగ్గేకొద్దీ మిగిలినవారి భుజం కుంగుతుంది. గోడ లోపలివారి భద్రత గోడ వెలుపలివారి అభద్రత నడుమ ఎంతోకాలం నిలువదు. ఆ సాయంత్రం కార్డును బల్లమీద పెట్టినవాని పేరుతోనే మా రిజిస్టరు మొదటి పేజీ తెరుస్తున్నాము. అతని ఇల్లు వెదకడానికి వచ్చే ఆదివారం బయలుదేరుతున్నాము.

మీ శాఖలు కూడా బయలుదేరగలవని ఆశిస్తున్నాము.