కాలేయం జబ్బూ, ఎముకల బలమూ



మన భీమడోలు వైపు కామెర్లనగానే పసరుమందు, పథ్యం గుర్తుకొస్తాయి. ఎముకల సంగతి ఎవరికీ తట్టదు. కాని ఏళ్ళ తరబడి కాలేయ వ్యాధి ఉన్న స్త్రీకి ఎముకలు చడీచప్పుడు లేకుండా గుల్లబారవచ్చు.

కారణమేమంటారా? డి విటమిన్‌ను ఒంటికి పనికొచ్చేలా మార్చే పని మొదట కాలేయానిదే. అది బాగా దెబ్బతింటే తిన్న కాల్షియం సరిగా పట్టదు. పైగా ముట్లుడిగాక, ఎముకల అరుగుదలను అదుపులో ఉంచే ఈస్ట్రోజెన్ హార్మోను తగ్గిపోతుంది.

అయితే హార్మోను బిళ్ళలు మింగితే సరి అనుకోకండి. మింగిన బిళ్ళ పేగుల నుంచి ముందుగా కాలేయానికే చేరుతుంది. చర్మానికి అంటించే పట్టీ మందు నేరుగా రక్తంలో కలుస్తుంది. అందుకే తగినవారికి డాక్టర్లు పట్టీ ఇస్తారు. కాలేయం జబ్బు ముదిరినవారికి, రొమ్ము క్యాన్సర్ వచ్చినవారికి మామూలుగా హార్మోన్లు ఇవ్వరు. వారి ఎముకలకు వేరే మందులున్నాయి.

నడుంనొప్పిని వయసు మీదికి నెట్టెయ్యకండి. కాలేయం సంగతీ, ముట్లుడిగిన సంగతీ రెండూ డాక్టరుతో చెప్పి, డెక్సా పరీక్ష అవసరమేమో అడగండి. ముట్లుడిగిన స్త్రీకి రోజుకు 1200 మిల్లీగ్రాముల కాల్షియం కావాలి. పాలు, రాగిజావ, ముళ్ళతో నమిలి తినే కొల్లేటి చిన్నచేపలు మంచివి. పొట్టలో నీరు చేరినవారు మాత్రం ఉప్పుచేపల జోలికి పోకూడదు సుమండీ!