చేత్తో వడపోసుకునే కాఫీ

(రేడియో మహిళా కార్యక్రమంలో చేసిన ప్రసంగ పాఠం)



కాఫీ పెట్టడం మనకి ఒకరు చెప్పాలా అని మీరు నవ్వుకుంటారేమో. నిజమే, కళ్లు మూసుకుని చేసే పని అది. కాని ఒక్క ప్రశ్న అడుగుతాను. ఫిల్టరులో దిగిన మొదటి డికాక్షన్ ఎవరి గ్లాసులోకి వెడుతుంది? అత్తగారికి, మామగారికి, ఆఫీసుకి బయలుదేరే ఆయనకి, ఊరినించి వచ్చిన చుట్టానికి. అందరివీ అయ్యాక మళ్లీ వేణ్ణీళ్లు పోసి దించిన రెండో డికాక్షన్ మనది. అదీ పనుల మధ్య చల్లారిపోతే వెచ్చబెట్టుకుని తాగుతాం. ఇందులో ఎవరినీ తప్పు పట్టడం లేదు. మన ఫిల్టరు తీరే అంత. అది నలుగురికి ఒక్కసారి దించే సాధనం. ఒక్కరికోసం ఒక కప్పు అప్పటికప్పుడు చేసుకోవాలంటే దానితో పేచీ.

అలా ఒక్క కప్పు చేసుకోవడానికి వీలైన పద్ధతి ఒకటుంది. పైనుంచి వేడినీళ్లు చేత్తో పోసి, కాగితంలోంచి వడకట్టడం. దీన్ని పోర్ ఓవర్ అంటున్నారు, దానికి వాడే పరికరాన్ని డ్రిప్పర్ అంటున్నారు. పేరు విని బెదరక్కర్లేదు. అడుగున చిల్లున్న గరాటులాంటి గిన్నె అది, అంతే. పింగాణీదో, గాజుదో, స్టీలుదో, ప్లాస్టిక్‌దో దొరుకుతుంది. కప్పు మీద కూచోబెట్టి, లోపల కాగితం వేసి, కాగితంలో పొడి వేసి నీళ్లు పోయడమే.

ఈ కాగితం వడపోతను కనిపెట్టింది ఎవరనుకున్నారు? మనలాంటి ఓ ఇల్లాలు. జర్మనీలోని డ్రెస్డెన్ నగరంలో మెలిట్టా బెంట్స్ అనే ఆవిడ ఉండేది. ఆ రోజుల్లో వాళ్ల కాఫీ చేదుగా ఉండి, కప్పు అడుగున మడ్డి దిగేదట. గుడ్డతో వడకడదామంటే ఆ గుడ్డ ఉతుక్కోవడం ఇంకో చాకిరీ. ఆవిడ ఒక ఇత్తడి గిన్నె అడుగున మేకుతో చిల్లులు పొడిచి, పిల్లవాడి బడి నోటుపుస్తకంలోంచి సిరా అద్దే బ్లాటింగ్ కాగితం తీసి అందులో పరిచింది. పొడి వేసి వేడినీళ్లు పోసింది. మడ్డి లేని, తేటగా ఉన్న కాఫీ దిగింది. 1908 జూన్‌లో దానికి పేటెంటు వచ్చింది. అదే సంవత్సరం డిసెంబరులో ఒక మార్కుకి కూడా తక్కువ, 73 ఫెన్నిగ్‌ల మూలధనంతో సొంత కంపెనీ రిజిస్టరు చేయించింది. భర్త, కొడుకులే మొదటి పనివాళ్లు. మరుసటి ఏడు లైప్జిగ్ సంతలో వెయ్యికి పైగా వడపోత గిన్నెలు అమ్ముడుపోయాయి. ఆవిడ పేరుతోనే ఆ కంపెనీ ఇప్పటికీ నడుస్తోంది. ఇంట్లో పడుతున్న ఒక చిన్న ఇబ్బందిని "మన ఖర్మ" అనుకుని సరిపెట్టుకోకపోవడం వల్ల వచ్చిన ఫలితం అది.

ఇక మన ఫిల్టరుకీ దీనికీ తేడా ఏమిటో చూద్దాం. మన ఫిల్టరులో పొడి మెత్తగా ఉంటుంది, పైన చిల్లుల పళ్లెంతో అదుముతాం, కొద్ది నీళ్లు పోసి మూత పెట్టి వదిలేస్తాం. డికాక్షన్ బొట్టుబొట్టుగా, చిక్కగా దిగుతుంది. పావుగంట, ఇరవై నిమిషాలు పట్టినా పట్టొచ్చు. డ్రిప్పర్‌లో పొడి కాస్త బరకగా ఉంటుంది, అదమడం ఉండదు, నీళ్లు ఎక్కువ, అంతా మూడు నిమిషాల్లో అయిపోతుంది. దిగేది చిక్కటి డికాక్షన్ కాదు, అలాగే తాగే కాఫీ.

కాఫీ పొడి బరువులో సుమారు మూడోవంతు వరకూ నీళ్లలో కరుగుతుంది. కాని కరిగేదంతా మంచిది కాదు. ముందుగా పుల్లటి రుచులు దిగుతాయి, తరవాత తీపి, ఆఖర్న చేదూ వగరూ. నూరు గ్రాముల పొడిలోంచి 18 నించి 22 గ్రాముల దాకా నీళ్లలోకి దిగితే రుచులన్నీ సమంగా కుదురుతాయని ఈ విద్య తెలిసినవాళ్ల లెక్క. అంతకన్నా తక్కువ దిగితే పులుపు మిగులుతుంది, ఎక్కువ దిగితే చేదు పైకొస్తుంది. మనం చెయ్యాల్సిందల్లా సరైన చోట ఆపడం. అంచేత పొడి నలుసు, నీళ్ల వేడి, పట్టే సమయం ఈ మూడే కీలకం.

ముందు పొడి సంగతి. చికోరీ కలిసిన మెత్తటి పొడి దీనికి పనికిరాదు. కాగితం పూడుకుపోయి నీళ్లు దిగవు. చికోరీ అనేది కాఫీ కాదు, ఒక మొక్క వేరుని వేయించి పొడి చేసినది. డికాక్షన్‌కి నలుపూ చిక్కదనమూ ఇస్తుంది. పాకెట్టు మీద కాఫీ ఎంత, చికోరీ ఎంత అని అచ్చు వేసి ఉంటుంది, ఒకసారి చదివి చూడండి. ఈ పద్ధతికి మాత్రం అచ్చంగా కాఫీయే కావాలి. గింజలు ఆడించే దుకాణంలో "బొంబాయి రవ్వలా ఆడించండి" అంటే సరిపోతుంది. వారం పది రోజులకు చాలినంతే తెచ్చుకుని, గాలి చొరని డబ్బాలో, పొయ్యికి దూరంగా పెట్టండి. ఇంట్లో మిక్సీలో తిప్పితే కొంత పిండై, కొంత పలుకై నలుగుతుంది. చేత్తో తిప్పే చిన్న మర ఉంటే ఏ పూటకాపూట ఆడించుకోవచ్చు. ఆ వాసనే వేరు.

ఏ కాఫీ అంటారా? అరబికా, రొబస్టా అని రెండు రకాలు. రొబస్టా ఘాటుగా ఉంటుంది, కెఫీన్ ఇంచుమించు రెట్టింపు. డ్రిప్పర్‌కి అరబికా బాగుంటుంది. దానికోసం మనం ఎక్కడో వెతకక్కర్లేదు. మన అరకు లోయలో, పాడేరు మన్యంలో గిరిజన రైతులు చెట్ల నీడన పండిస్తున్నది అరబికాయే. ఆ చెట్లకే మిరియాల తీగలు కూడా పాకిస్తారు. అరకు అరబికాకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మరీ నల్లగా మాడ్చినది కాక, దోరగా వేయించినది అడిగి తీసుకోండి.

ఇప్పుడు చేసే విధానం. కాగితం, పెన్సిలు దగ్గర పెట్టుకోండి.

ఒక పెద్ద కప్పుకి 15 గ్రాముల పొడి, 240 మిల్లీలీటర్ల నీళ్లు. త్రాసు లేకపోతే పెద్ద చెంచాతో తలకొట్టి మూడు చెంచాలు ఇంచుమించుగా సరిపోతాయి. తాగే మంచినీళ్లే వాడండి. ఉప్పదనం ఉన్న బోరు నీళ్లతో ఎంత మంచి కాఫీ అయినా చప్పబడుతుంది. కాగితం తడపడానికి కూడా కావాలి గనక నీళ్లు కాసిని ఎక్కువే పెట్టండి. తెర్లాక దించి అర నిమిషం ఆగండి. అప్పటికి వేడి 95 డిగ్రీల దరిదాపుల్లోకి వస్తుంది.

కాగితాన్ని అతుకు దగ్గర మడిచి డ్రిప్పర్‌లో పెట్టి, ముందు ఒట్టి వేడినీళ్లు పోసి తడపండి. కాగితం వాసన పోతుంది, కప్పు కూడా వెచ్చబడుతుంది. ఆ నీళ్లు పారబోయండి. పొడి వేసి, చిన్నగా కుదిపి సమంగా పరచండి.

మొదటి విడత పొడి తడిసేటంత నీళ్లే, అంటే 30 మిల్లీలీటర్లు, పోసి అర నిమిషం ఆగండి. పొడి పొంగి, బుడగలు వస్తాయి. వేయించినప్పుడు గింజలో చిక్కుకున్న బొగ్గుపులుసు వాయువు బయటికి పోతుందన్నమాట. అది పోతేగాని నీళ్లు పొడిలోకి సరిగా ఇంకవు. అసలు పొంగకపోతే పొడి పాతబడిందని తెలుసుకోవచ్చు.

తరవాత మిగిలిన నీళ్లు మూడు విడతలుగా, సన్నటి ధారగా, మధ్యనించి మొదలెట్టి ముగ్గు చుట్టినట్టు చుట్టూ తిప్పుతూ పోయండి. అంచున కాగితం మీద పోస్తే నీళ్లు పొడిని తాకకుండా పక్కనించి జారిపోతాయి. సన్న కొమ్ము కెటిల్ కొనాల్సిన పని లేదు. అటక మీద కొమ్ముచెంబు ఉంటే దింపండి, దానికి ఇంతకన్నా మంచి పని దొరకదు. మసిగుడ్డతో పట్టుకోవడం మాత్రం మరిచిపోకండి, చెంబు కాలుతుంది. రెండు నిమిషాలయ్యేసరికి నీళ్లన్నీ పోయడం అయిపోవాలి, మూడు నిమిషాలకి దిగడం అయిపోవాలి. ఆఖరి చుక్క దాకా పిండుకోవాలని చూడకండి. చేదంతా అందులోనే ఉంటుంది.

తాగి చూడండి. పుల్లగా, పలచగా ఉంటే నీళ్లు త్వరగా జారిపోయాయన్నమాట. ఈసారి పొడి కాస్త మెత్తగా ఆడించండి. చేదుగా, నాలిక పట్టేసినట్టుంటే పొడి మరీ మెత్తన, ఇంకొంచెం బరకగా ఉండాలి. రుచి బాగానే ఉండి నీళ్లగా అనిపిస్తే పొడి ఒక అర చెంచా పెంచండి. ఒక్కోసారి ఒక్కటే మార్చండి. మూడూ కలిపి మారిస్తే ఏది పనిచేసిందో తెలీదు.

"పాలు లేకుండా కాఫీ ఏమిటండీ" అని కొందరు అడగబోతారు. నిజమే, మన నాలిక పాలకు అలవాటు పడింది. నీళ్లు సగం చేసి, అంటే అదే 15 గ్రాముల పొడికి 120 మిల్లీలీటర్లు పోసి దించితే చిక్కగా వస్తుంది. అందులో కాచిన పాలు కలుపుకోండి. మన ఫిల్టరు కాఫీ అంత చిక్కదనం మాత్రం రాదు, ఆ సంగతి ముందే చెప్పేస్తున్నాను. అది కావాలనుకున్న రోజున ఫిల్టరు ఉండనే ఉంది. కాని ఒకసారి పాలూ పంచదారా లేకుండా, కాస్త చల్లారనిచ్చి, నాలుగు గుక్కలు తాగి చూడండి. ఇన్నాళ్లూ పాల వెనక దాక్కున్న రుచులు కొన్ని తెలుస్తాయి.

డ్రిప్పర్ కొనకుండానే ప్రయత్నించాలని ఉంటే, స్టీలు టీ వడగట్టులో గంజి లేని మల్లుగుడ్డ రెండు మడతలు పరిచి, స్టీలు గ్లాసు మీద పెట్టి చేసి చూడండి. గుడ్డని సబ్బుతో మాత్రం ఉతక్కండి, ఆ వాసన కాఫీకి పడుతుంది. వేణ్ణీళ్లలో జాడించి ఆరెయ్యండి. వాడేసిన పొడిని కాగితంతో సహా కుళ్లబెట్టే ఎరువులో కలిపేయొచ్చు.

ఆరోగ్యం మాట కూడా చెప్పుకోవాలి. కాఫీ గింజలో కెఫెస్టాల్ అనే జిడ్డు పదార్థం ఉంది. అది రక్తంలో చెడ్డ కొలెస్టరాల్‌ని పెంచుతుంది. నార్వేలోని ట్రామ్సో నగరంలో జరిపిన పరిశీలన 1983లో వెలువడ్డాక ఈ సంగతి మీద దృష్టి పడింది. మరిగించి వడపోయకుండా తాగే కాఫీలో ఇది ఎక్కువనీ, కాగితం దాన్ని చాలావరకు పట్టేస్తుందనీ తరవాత తేలింది. కొలెస్టరాల్ ఉన్నవారు ఇంట్లో ఉంటే కాగితం వడపోత మేలు. అలాగని ఇది మందు కాదు, డాక్టరుగారు చెప్పిన జాగ్రత్తలు మానకూడదు.

ఇంకోటి ముఖ్యంగా మనకోసం. మనలో చాలామంది పొద్దున్న టిఫిను మానేసి కాఫీతోనే సరిపెట్టుకుంటాం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశంలో 15 నించి 49 ఏళ్ల స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత ఉందని తేలింది. భోజనంతోపాటు కాఫీ తాగితే ఆ తిండిలోని ఇనుము ఒంటికి సరిగా పట్టదు. అంచేత భోజనానికీ, ఐరన్ మాత్రకీ, కాఫీకీ మధ్య గంటైనా ఎడం ఉంచండి. గర్భిణులు ఎన్ని కప్పులు తాగొచ్చో డాక్టరుగారిని అడగాలి. నిద్ర సరిగా పట్టనివాళ్లు సాయంత్రం కాఫీ మానుకోవడం మంచిది.

చివరగా ఒక సలహా. కాఫీ పెట్టడం "అమ్మ చేతివాటం" అన్నంతకాలం అది అమ్మే చెయ్యాలి. ఈ పద్ధతిలో చేతివాటం తక్కువ, కొలత ఎక్కువ. పదిహేను గ్రాములు, రెండువందల నలభై మిల్లీలీటర్లు, మూడు నిమిషాలు. ఇది ఒక కాగితం మీద పెద్దక్షరాలతో రాసి వంటింటి గోడకి అంటించండి. కాలేజీకి వెళ్లే అబ్బాయిని, రిటైరైన మామగారిని ఒకసారి పక్కన నిలబెట్టుకుని చూపించండి. గడియారం చూడ్డం వచ్చినవాళ్లెవరైనా చెయ్యగలరు. ఆ పైన ఏ ఆదివారమో "నా కప్పు నువ్వు పెట్టు నాయనా" అని అడగండి. అడగడానికి మొహమాటపడకండి.

సెలవు.